సెల్ ఇంటిదా, అన్నయ్యదా?



మన గోడ పత్రికలో "సెల్‌ఫోన్ వల్ల లాభాలు, నష్టాలు" అని ఇంతకుముందు రెండుసార్లు వ్యాసాలు వచ్చాయి. రెండూ బాగున్నాయి. రెండింటిలోనూ చివరికి "సెల్‌ని మంచికి వాడాలి, చెడుకి వాడకూడదు" అని ఉంది. అది నిజమే. కానీ వాడాలి అంటే ముందు చేతికి రావాలి కదా! సంక్రాంతి సెలవులయ్యి వచ్చాక మా గదిలో అందరం ఈ సంగతే మాట్లాడుకున్నాం. మేం పన్నెండుమందిమి. పదిమంది ఇళ్ళల్లో సెల్ ఉంది. ఆ పదింటిలో ఎనిమిది అన్నయ్యల దగ్గరో తమ్ముళ్ళ దగ్గరో ఉన్నాయి. ఒకటి నాన్న దగ్గర ఉంది. ఒక్కటంటే ఒక్కటి అమ్మ దగ్గర ఉంది. చదువుకుంటున్న ఆడపిల్ల దగ్గర ఒక్కటీ లేదు.

మన జీవశాస్త్రం పుస్తకంలో సెల్ అంటే కణం. అది మామూలు కంటికి కనపడదు, సూక్ష్మదర్శిని కావాలి. మన ఇళ్ళల్లో సెల్ కూడా మనకి అలాగే ఉంది.

నా అభిప్రాయం ఏమిటంటే, సెల్ మంచిదా చెడ్డదా అని కాదు అడగాల్సింది. అది ఎవరిది అని అడగాలి. ఇంటి డబ్బుతో కొన్నది ఇంటిది. రోలు, గొడ్డలి, నాగలి ఎలాగ ఇంటివో సెల్ కూడా అలాగే. గొడ్డలిని ఒక్కరే పట్టుకొని రోజంతా గట్టు మీద కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?

మన కొండల్లో సెల్‌తో ఏం పని అని కొందరు అంటారు. చాలా పని ఉంది. మా ఇంట్లో తొమ్మిదో తరగతి దాకా వచ్చింది నేనొక్కదాన్నే. అమ్మకి, నాన్నకి అక్షరం రాదు. పెద్దన్నయ్య బడి మొహం చూడలేదు. చిన్నన్నయ్య ఆరో తరగతిలో మానేశాడు. బ్యాంకులో డబ్బు పడితే సెల్‌కి మెసేజి వస్తుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది. క్రెడిటెడ్ అంటే పడింది, డెబిటెడ్ అంటే పోయింది. ఈ రెండు ముక్కలు తెలియక మా ఊళ్ళో ఒక తాత డబ్బు పోయిన మెసేజి చూసి పడిందనుకొని సంతోషించాడు. ఎవరో ఫోన్ చేసి నంబరు చెప్పమంటే ఓటీపీ చెప్పకూడదని కూడా వాళ్ళకి తెలీదు. ఉపాధి పనిలో 2023 జనవరి నుండి హాజరుకి సెల్‌లో రోజుకి రెండు ఫోటోలు తీసి పెట్టాలని నియమం వచ్చింది. సిగ్నల్ కోసం మేటు ఫోన్ పట్టుకొని గట్టెక్కడం మనలో చాలామంది చూశాం. అంటే సెల్ మన ఊరికి ఆట కోసమే రాలేదు, కూలి డబ్బు వెంట కూడా వచ్చింది. మరి మెసేజి చదవగలిగిన మనిషి చేతిలో సెల్ లేదు. సెల్ ఉన్న మనిషికి మెసేజి చదవాలని లేదు. ఇదీ మన ఇళ్ళల్లో పరిస్థితి.

ఇంక డబ్బు సంగతి. మా ఇంట్లో రీచార్జి 299 రూపాయలు. నెల అంటారు గాని అది 28 రోజులే. 365ని 28తో భాగించండి. 13 వస్తుంది, ఒకటి మిగులుతుంది. అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. 13ని 299తో గుణిస్తే 3,887 రూపాయలు. ఈ లెక్క ఇంట్లో చెప్తే అమ్మ నోరు తెరిచి, "ఏటే, ఒక మేకపిల్ల వచ్చీదే!" అంది. ఆ డబ్బు అమ్మ కాఫీ తోటలో పళ్ళు కోసింది, అడ్డాకులు కుట్టింది, నాన్న పసుపు కావిడి మోసింది. అన్నయ్య కూలి కూడా అందులో ఉంది, కాదనను. కానీ అతడిది ఒక్కడిదే కాదు.

ఇందులో మనకి తెలియాల్సింది ఇంకొకటి ఉంది. ట్రాయ్ అనే టెలికాం నియంత్రణ సంస్థ 2024 డిసెంబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. నెట్ అక్కర్లేనివాళ్ళకి మాటలకి, మెసేజిలకి మాత్రమే వేరే ప్యాక్‌లు ఉండాలని అందులో చెప్పింది. 2025 జనవరి నుండి కంపెనీలు అలాంటివి పెట్టాయి. కానీ సంతలో రీచార్జి కొట్టు దగ్గర మనం అడగకపోతే నెట్ ఉన్నదే వేసేస్తారు. నెట్ వద్దని నేను చెప్పడం లేదు. ఎవరి కోసం వేయిస్తున్నామో, వేయించాక ఎవరు వాడుతున్నారో ఇంట్లో ఒకసారి కూర్చొని చూసుకోవాలి.

ఆట చెడ్డదని కూడా నేను అనను. నేనూ ఆడాను, బాగుంటుంది. ఫ్రీ ఫైర్‌లో విమానం నుండి దూకి దీవి మీద దిగుతారు. తుపాకులు ఏరుకుంటారు. 50 మంది దాకా ఉంటారు, ఆఖరికి మిగిలినవాడు గెలిచినట్టు. చుట్టూ ఒక గీత దగ్గరికి జరుగుతూ వస్తుంది. అందుకని ఎక్కడో దాక్కొని ఊరికే కూర్చోడానికి కుదరదు. ఒక ఆట సుమారు పది నిమిషాల్లో అయిపోతుంది. అసలు మాయ అక్కడే ఉంది. పది నిమిషాలే కదా అని ఇంకొకటి, ఓడిపోయాను కదా అని ఇంకొకటి, గెలిచాను కదా అని ఇంకొకటి. పొద్దు వాలిపోతుంది. ఆటలో డైమండ్లు అని ఉంటాయి. డబ్బు పెట్టి వాటిని కొంటే బొమ్మకి కొత్త చొక్కా, తుపాకీకి కొత్త రంగు వస్తాయి. మా చిన్నన్నయ్య ఒకసారి 80 రూపాయలు పెట్టాడు. ఆ చొక్కా అతడు తొడుక్కోలేడు, ఉతికి ఆరేయలేడు. ఆ వారం అమ్మ చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకొని తోటకి వెళ్ళింది.

ఆటలు ప్రభుత్వమే ఆపేయాలి అని మనలో కొందరు అన్నారు. ప్రభుత్వం 2020 సెప్టెంబరులో పబ్జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ని నిషేధించింది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అని అలాంటిదే ఇంకొకటి ఉండిపోయింది, పిల్లలు దానికి మారిపోయారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అది మంచిదే. కానీ సాయంత్రం ఇంట్లో సెల్ ఎవరి దగ్గర ఉండాలో ఏ చట్టంలోనూ రాయరు. అది ఇంట్లోవాళ్ళే తేల్చుకోవాలి.

తేల్చుకోకపోతే ఏమవుతుందో పోయిన వేసవి సెలవుల్లో చూశాను. మా పెద్ద వదినకి నెలలు నిండాయి. ఆ రోజు మధ్యాహ్నం నుండి చిన్నన్నయ్య, అతడి జట్టు చింతచెట్టు గట్టు మీద ఆడుతున్నారు. మా ఊళ్ళో సిగ్నల్ అక్కడే వస్తుంది. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. రాత్రి వదినకి నొప్పులు మొదలయ్యాయి. 108కి చేద్దామని నాన్న సెల్ తీస్తే అది చచ్చిపోయి ఉంది. 108 మన రాష్ట్రంలో 2005 నుండి ఉంది. దానికి చేస్తే డబ్బు కూడా పడదు. కానీ చేసే సెల్ బతికి ఉండాలి కదా. చిన్నన్నయ్యే వానలో పరిగెత్తి పక్క ఊరి ఆశా అక్కని లేపాడు. ఆమె సెల్ నుండి ఫోన్ వెళ్ళింది. వదినని డోలీలో రోడ్డు దాకా మోశారు. అక్కడికి వాహనం వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు. ఆ రాత్రి అన్నయ్యని ఎవరూ తిట్టలేదు. అతడే ఎక్కువ భయపడ్డాడు. కానీ మర్నాడు కరెంటు వచ్చింది, సెల్ మళ్ళీ గట్టెక్కింది. ఇంట్లో నియమం లేకపోతే భయం ఒక్క రోజే ఉంటాది.

సెలవుల్లో మన రోజు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చీకటితో లేచి ఊట నుండి నీళ్ళు, తరవాత పొయ్యి, తరవాత చంటిపిల్లలు, తరవాత కట్టెలు లేదా తోట. రాత్రి అంబలి తాగి పడుకోవడమే. పని చేయనని నేను అనడం లేదు. అమ్మ ఏడాదంతా ఒక్కతే చేస్తాది, మనం వెళ్ళినప్పుడైనా ఆమె నడుము వాల్చాలి. కానీ అన్నయ్యకి మధ్యాహ్నం నుండి ఖాళీ, మనకి రాత్రి దాకా పని. ఖాళీ సమయం ఎవరికి ఉందో సెల్ వాళ్ళ దగ్గరికే పోయింది. సెల్ గొడవలో సగం పని గొడవే.

అన్నయ్యల వైపు మాట కూడా చెప్పాలి. "నువ్వు హాస్టల్‌లో పదిమందితో ఉంటావ్. నాకు బడి లేదు, రోజూ పని దొరకదు. ఏటి సెయ్యమంటావ్?" అని మా చిన్నన్నయ్య అడిగాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే సెల్ లాక్కోమని నేను చెప్పను. లాక్కుంటే దొంగచాటుగా ఆడతారు. వంతు పెట్టమంటున్నాను.

"ఆడపిల్ల చేతికి సెల్ ఇస్తే సెడిపోద్ది" అని ఊళ్ళో పెద్దవాళ్ళు అంటారు. అదే సెల్‌లో పొద్దంతా తుపాకులు పేల్చినవాడిని ఎవరూ ఆ మాట అనలేదు. నమ్మకం లేకపోతే అందరి ముందు అరుగు మీద కూర్చొని చూస్తాం. మనం చూసేది ఏమిటి? అర్థం కాని లెక్క, సైన్సు పాఠం, ఒకటి రెండు పాటలు. మా నాయనమ్మ కువిలో కథలు చెప్తాది. ఆమె తరవాత ఆ కథలు చెప్పేవాళ్ళు మా ఊళ్ళో లేరు. సెల్‌లో రికార్డు చేస్తే ఉంటాయి. ఆటకి రోజంతా ఇచ్చినప్పుడు దీనికి ఒక గంట ఇవ్వలేరా?

వచ్చే వేసవి సెలవులకి మనం ఇంట్లో అడగాల్సినవి ఇవి అని నాకు అనిపిస్తోంది.

1. పొద్దు గూకాక సెల్ ఇంట్లో ఒకే చోట ఉండాలి. ఛార్జింగు సగానికి తగ్గకూడదు. ఇంట్లో గర్భిణి, ముసలివాళ్ళు, జబ్బు మనిషి ఉంటే ఇది తప్పనిసరి.

2. ఆటకి గంట, చదువుకి గంట. అన్నయ్యకి ఎంతో చెల్లికి అంతే. నీళ్ళు, కట్టెలు కూడా ఇద్దరికీ పంచాలి. లేకపోతే మన గంట మనకి దొరకదు.

3. ఆటకి ఇంటి డబ్బు వేయకూడదు.

4. అమ్మకి, నాన్నకి మూడు పనులు నేర్పాలి. ఫోన్ ఎత్తడం, 108 నొక్కడం, మన హాస్టల్ నంబరు గుర్తుపట్టడం. సెల్ మీద బాగా తెలిసినవాడు అన్నయ్యే కాబట్టి నేర్పే పని అతడికే అప్పజెప్పొచ్చు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. ఆదివారం మీరు మాకు ఇంటికి ఫోన్ చేసుకోడానికి ఐదేసి నిమిషాలు ఇస్తున్నారు, చాలా సంతోషం. కానీ అటు సెల్ గట్టు మీద ఆటలో ఉంటే మన ఫోన్ కట్ చేసేస్తారు. "కలవలేదు, తరవాతివాళ్ళు రండి" అనేసరికి మా వంతు అయిపోతుంది. ఆరో తరగతి పిల్లలు దానికే ఏడుస్తున్నారు. కలవనివాళ్ళకి చివర్లో ఇంకొక్కసారి అవకాశం ఇవ్వండి. అలాగే ఈసారి తల్లిదండ్రులు వచ్చినప్పుడు, ఆదివారం ఆ సమయానికి సెల్ అమ్మ చేతిలో ఉండాలని ఒక మాట చెప్పండి. మేం చెప్తే చిన్నపిల్లల మాట. మీరు చెప్తే వింటారు.

స్నేహితులారా, అడిగితే ఇంట్లో మొదట నవ్వుతారు. "సదువుకొని వచ్చి లెక్కలు సెప్తోంది" అంటారు. అననివ్వండి. ఆ లెక్క తప్పు కాదు. ఏడాదికి 13 రీచార్జిలు, అందరి కష్టం, ఒక్కరి చేతిలో సెల్. సెలవుల నుండి వచ్చాక ఎవరింట్లో వంతు ఒప్పుకున్నారో, ఎవరింట్లో ఒప్పుకోలేదో ఇదే గోడ మీద రాసుకుందాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి