ధర్మం చెప్పే యంత్రానికి ద్రౌపది ప్రశ్న తెలుసా?

మొన్నామధ్య పక్కింటావిడ సెల్‌ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "చూశారా వదినగారూ, ఏ సందేహం అడిగినా ఇది శాస్త్రాల్లోంచి జవాబు చెబుతుంది" అంది. ఆవిడ అడిగింది చిన్న సందేహం కాదు. పుట్టింటి పొలంలో వాటా అడగడం అధర్మమా అని! జవాబు తియ్యగానే వచ్చింది. త్యాగం, శాంతి, తోబుట్టువుల అనుబంధం... "అయితే ఊరుకోవడమే మంచిదేమో" అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పే నాచేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది.

ఇలాంటివి ఇప్పుడు చాలానే ఉన్నాయి. బెంగళూరు ఇంజినీరు ఒకరు తయారుచేసిన 'గీతా జీపీటీ' 2023 జనవరిలో వచ్చింది. ఆ కోవలోవి కొన్ని, ధర్మం కోసమైతే చంపినా తప్పులేదన్నట్టు జవాబులిచ్చాయని అదే ఏడాది పత్రికల్లో వచ్చింది.

ఇవి పనిచేసే తీరు బ్రహ్మవిద్యేమీ కాదు. గ్రంథాన్ని ముక్కలు చేసి యంత్రంలో పెడతారు. మన ప్రశ్నకి దగ్గరగా కనిపించిన ముక్కల్ని అది ఏరి, మాటలు కూర్చి చెబుతుంది. అంటే ఏ గ్రంథం పెట్టారు, ఎవరి అనువాదం పెట్టారు అన్నదాన్ని బట్టే జవాబు. తిరకాసంతా అక్కడే ఉంది. మనుస్మృతినే తీసుకోండి. మూడో అధ్యాయం స్త్రీని గౌరవించమంటుంది. తొమ్మిదో అధ్యాయం ఆమెకు స్వాతంత్ర్యమే కూడదంటుంది. ఏ ముక్క చేతికొస్తే అదే ధర్మమా?

అసలు మన గ్రంథాల గొప్పతనం జవాబుల్లో కన్నా ప్రశ్నల్లోనే ఉంది. జనకుడి సభలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీసింది. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా ఒడ్డే హక్కెక్కడిదని ద్రౌపది నిండు సభలో అడిగితే, భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమంటూ తేల్చలేకపోయాడు. ఆయన తడబడ్డచోట ఈ యంత్రం మాత్రం క్షణంలో తేల్చేస్తుంది!

వీటిని వద్దనడం లేదు. సంస్కృతం రాని ఆడవాళ్లకి గ్రంథం అందడం మంచిదే. కానీ తయారుచేసే బాబులూ, జవాబు ఏ శ్లోకంలోదో చూపించండి. దానికి ఎదురు చెప్పే శ్లోకాన్నీ పక్కనే పెట్టండి. హక్కుల సంగతి అడిగితే చట్టం చెప్పండి.

పక్కింటావిడకి ఆ చట్టం నేనే చెప్పాను. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1986లోనే చట్టం తెచ్చారు. అప్పటికే పెళ్లయినవాళ్లకి మాత్రం అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ అడ్డూ తీసేసింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పంపకాలు ముందే చట్టప్రకారం జరిగిపోయి ఉంటే అది వేరే సంగతి.

"మరి ఫోన్ ఇదంతా చెప్పలేదే?" అందావిడ.

మీరు అడిగింది ధర్మం గురించి కదమ్మా! ఈసారి వాటా గురించి అడగండి. అడిగాక, వకీలునీ అడగండి.