కుర్చీలు ఖాళీ, పందేలు ఫుల్లు

2025 ఏప్రిల్ రెండో వారంలో పుణేలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా-ఓషియానియా పోటీలు జరిగాయి. మహిళల టెన్నిస్‌లో దేశాల జట్లు తలపడే ప్రపంచ పోటీ అది. హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక అక్కడ ఐదు సింగిల్స్ ఆడింది. ఐదూ గెలిచింది. మన జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది. ఆ వారం మన టీవీలు ఏం చూపించాయి? ఐపీఎల్‌లో ఎవరు ఎన్ని సిక్సర్లు బాదారు, డగౌట్‌లో ఎవరు ఎవరి చెవిలో ఏం చెప్పారు, ఏ జట్టు యజమాని ముఖం ఎన్ని రంగులు మారింది. శ్రీవల్లి, రష్మిక. ఈ రెండు పేర్లూ ఒకే ఆటగత్తెకు ఉన్నా మనకు గుర్తొచ్చేది మాత్రం ‘పుష్ప’ సినిమాయే. దేశం కోసం ఐదుకు ఐదు గెలిచిన తెలుగు అమ్మాయి ఎదురుపడినా, పక్కకు జరగమ్మా అంటామే తప్ప గుర్తుపట్టం.

గెలిచిన అమ్మాయి గతే ఇదైతే, ఇంకా కింది మెట్ల మీద ఉన్నవాళ్ల సంగతి ఎవడిక్కావాలి?

ప్రతి వింబుల్డన్ సీజన్‌లోనూ మనవాళ్లకు ఒక సందేహం తన్నుకొస్తుంది. ‘మళ్లీ సానియా లాంటి పిల్ల మనకెప్పుడు దొరుకుతుందండీ?’ అని. 2005 ఫిబ్రవరిలో సొంత ఊళ్లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, మహిళల టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న తొలి భారతీయురాలైంది సానియా మీర్జా. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ స్థానానికి చేరింది. 2023లో రాకెట్ పక్కన పెట్టింది. సింగిల్స్‌లో తొలి వందమందిలోకి ఆమె తర్వాత మన దేశం నుంచి ఒక్క అమ్మాయీ వెళ్లలేదు. అంకితా రైనా 160 దాకా వెళ్లి ఆగింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మాత్రం మనం మానలేదు. సానియా పెరిగిన గడ్డ అంటాం, సానియా ఆడిన నగరం అంటాం. ఆ స్థాయికి చేరడానికి ఒక అమ్మాయి ఏ మెట్లు ఎక్కాలో, ఒక్కో మెట్టుకూ ఎంత ఖర్చవుతుందో అడిగినవాళ్లు లేరు.

నేను చెప్తాను, వినండి.

ప్రొఫెషనల్ మహిళల టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు పేరు డబ్ల్యూ15. దానిపైన డబ్ల్యూ35, 50, 75, 100. డబ్ల్యూ15 గెలిస్తే దక్కేది 15 ర్యాంకింగ్ పాయింట్లు. వింబుల్డన్ గెలిస్తే 2,000. డబ్ల్యూ15 మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు, మన లెక్కలో సుమారు 13 లక్షలు. విజేత ఒక్కదానికే అనుకునేరు! 32 మంది సింగిల్స్ క్రీడాకారిణులకూ, 16 డబుల్స్ జోడీలకూ కలిపి అంత. వారమంతా ఆడి టైటిల్ గెలిచిన అమ్మాయికి దక్కేది రెండు వేల చిల్లర డాలర్లు. తొలి రౌండ్లో ఓడితే రెండు వందల డాలర్లు కూడా రావు. క్వాలిఫయింగ్‌లో ఓడితే పైసా రాదు. 2017కు ముందు ఏళ్ల తరబడి ఇది 10,000 డాలర్లుగానే ఉంది. అప్పుడు 15,000 చేశారు, మళ్లీ అక్కడే ఆపేశారు. ఈలోగా విమాన టికెట్లు ఆగాయా? హోటల్ గదులు ఆగాయా? డాలరు ఆగిందా?

ఇప్పుడు పై మెట్టు చూడండి. 2025 వింబుల్డన్ తొలి రౌండ్లోనే ఓడి ఇంటికెళ్లినవాళ్లకు 66,000 పౌండ్లు ఇచ్చారు. డెబ్బై ఐదు లక్షల పైమాటే. ఒక్క ఓటమికి వచ్చిన ఆ సొమ్ముతో ఐదు డబ్ల్యూ15 టోర్నమెంట్ల ప్రైజ్‌మనీ మొత్తం ఇచ్చి ఇంకా మిగుల్చుకోవచ్చు. పైవాళ్లకు ఎక్కువ రావడం తప్పని నేననను. గొప్పగా ఆడేవాళ్లకు గొప్పగానే ఇవ్వాలి. కానీ రెండు చోట్లా ఆడేది ఒకే ఆట, కోర్టు కొలత ఒకటే, మోకాలి నొప్పి ఒకటే. పైమెట్టు మీదున్న ప్రతి క్రీడాకారిణీ ఒకప్పుడు కింది మెట్ల మీదనుంచి వచ్చిందే. కింద నిలబెట్టే దిక్కులేకుండా పైన పంట ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఖర్చుల సంగతికొద్దాం. రాకెట్ తీగలు తెగుతుంటాయి, మళ్లీ మళ్లీ బిగించుకోవాలి. బూట్లు అరుగుతాయి. ఫిజియోని వెంటబెట్టుకుని తిరగడం కలలోని మాట. కోచ్‌ని తీసుకెళ్తే అతని టికెట్, అతని గది, అతని తిండి కూడా ఈ అమ్మాయి నెత్తినే. మన దేశంలో టోర్నమెంట్లు ఏడాది పొడుగునా ఉండవు. అవి లేనప్పుడు ట్యునీసియాలోని మొనాస్టిర్, టర్కీలోని అంటాల్యా, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్. వారం తర్వాత వారం అక్కడి రిసార్టుల్లోనే ఆటలు. ఓడితే ఇంటికొచ్చే ఖర్చు కన్నా అక్కడే వచ్చే వారం దాకా ఉండిపోవడం చౌక. అందుకని ఓటమిని దిగమింగుకుని, గదిని ఇంకొకరితో పంచుకుని ఉండిపోతారు. మొదటి రౌండ్లలో బంతులందించే పిల్లలు కూడా ఉండరు. సర్వీసు చేసిన అమ్మాయే గోడ దాకా వెళ్లి బంతి ఏరి తెచ్చుకోవాలి.

పైగా ఆడపిల్ల. పదహారేళ్ల కొడుకునైతే ‘వెళ్లిరా నాన్నా’ అని పంపే తల్లిదండ్రులు, అదే వయసు కూతుర్ని తెలియని దేశానికి ఒంటరిగా ఎలా పంపుతారు? అమ్మో నాన్నో వెంట వెళ్లాలి. ఖర్చు రెట్టింపు, ఒకరి ఉద్యోగం హుళక్కి. ‘ఇంకెన్నాళ్లు ఎండలో ఆడుతుంది, నల్లబడిపోతోంది, రేపు సంబంధాలెలా వస్తాయి’ అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో నిలదీసే చుట్టాలు అదనం. ఆ చుట్టాల్లో ఒక్కరైనా ఒక్క టికెట్ కొనిచ్చిన పాపాన పోలేదు.

ఇది నా గోడు మాత్రమే అనుకోకండి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే 2013 లెక్కలు తీసి చూసింది. ఆ ఏడాది ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో దాదాపు 14,000 మంది ఆడితే, వాళ్లలో సగం మందికి దగ్గర దగ్గరగా ఒక్క డాలరూ దక్కలేదు. కోచ్ ఖర్చు కలపకుండానే ఒక మహిళా క్రీడాకారిణికి ఏడాదికి సగటున 40,180 డాలర్లు అవుతుందని తేల్చారు. సంపాదనా ఖర్చూ సరిపోవాలంటే ప్రపంచంలో 253వ ర్యాంకులోపు ఉండాలట. ఆలోచించండి. ప్రపంచం మొత్తం మీద మూడు వందలో స్థానంలో ఉన్న ఇంజనీరు గానీ, డాక్టరు గానీ, వంటవాడు గానీ ఆకలితో ఉంటాడా? టెన్నిస్‌లో మూడు వందలో స్థానంలో ఉన్న అమ్మాయి అప్పుల్లో ఉంటుంది. 2023లో దేశంలో నంబర్ వన్ ఆటగాడు సుమిత్ నాగలే తన ఖాతాలో 900 యూరోలు మిగిలాయని చెప్పుకున్నాడు. నంబర్ వన్ మగవాడికే దిక్కులేకపోతే ఆరువందలో ర్యాంకు ఆడపిల్లను అడిగేదెవరు?

ఇక్కడే ఉంది అసలు మంట. ‘ఆ మ్యాచ్‌లు ఎవరు చూస్తారండీ, అందుకే డబ్బు లేదు’ అంటారు. ఎవరూ చూడరా? చూస్తారు! గ్యాలరీలో కాదు, ఫోన్లలో. కుర్చీ మీద కూర్చున్న అంపైర్ ట్యాబ్‌లో ఒక్కో పాయింటూ నొక్కుతుంటే, ఆ స్కోరు క్షణాల్లో ప్రపంచమంతటా బెట్టింగ్ కంపెనీలకు చేరే ఏర్పాటు చేశారు. ఆ సమాచారం అమ్ముకోవడానికి సమాఖ్య 2015లో స్పోర్ట్‌రాడార్ అనే డేటా కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం విలువ ఐదేళ్లకు ఏడు కోట్ల డాలర్లు. అమ్మాయి చెమటను పాయింటు పాయింటుగా కోసి అమ్మారు. ఆమె చేతికి మాత్రం రెండు వందల డాలర్లు కూడా రాలేదు. టెన్నిస్‌లో అవినీతిపై వేసిన స్వతంత్ర సమీక్షా సంఘం 2018లో ఈ సంగతే తేటతెల్లం చేసింది. కింది స్థాయి టెన్నిస్‌ను మ్యాచ్ ఫిక్సింగ్ ముంచెత్తుతోందని, బతకడానికి చాలని సంపాదనే దానికి సందు ఇస్తోందని, 15,000 డాలర్ల స్థాయిలో ఈ స్కోరు అమ్మకం ఆపాలని చెప్పింది. ఆకలితో మాడ్చి, పక్కనే డబ్బు మూట పట్టుకున్న దళారీని నిలబెట్టి, ఆపైన నీతి పాఠాలు చెప్పే వ్యవస్థను ఏమనాలి? తప్పు చేసిన ఆటగత్తెను శిక్షించండి, వద్దనను. ఆమెను ఆ అంచుకు తోసినవాళ్ల మాటేమిటి?

పందెం పోయినవాడు ఊరుకుంటాడా? మ్యాచ్ ఓడి గదికి వచ్చి ఫోన్ తెరిచిన అమ్మాయికి బూతులు, శాపాలు, చంపుతామన్న బెదిరింపులు. 2024లో 458 మంది క్రీడాకారులకు ఇలాంటి సందేశాలు వెళ్లాయని డబ్ల్యూటీఏ, అంతర్జాతీయ సమాఖ్య కలిసి బయటపెట్టాయి. అందులో నూటికి నలభై పందెం పోయిన ఉక్రోషంతో పంపినవే. మనం ఏమైనా తక్కువ తిన్నామా? బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ సినిమా తారల మీద 2025లో తెలంగాణలో కేసులు పెట్టారు. మ్యాచ్‌కు వెళ్లి చప్పట్లు కొట్టడానికి ఖాళీ లేదు. పాయింటు మీద వంద రూపాయలు కాయడానికి మాత్రం అర్ధరాత్రి కూడా ఖాళీయే.

ముప్పు ఫోన్లోనే కాదు, ఇంట్లోనూ ఉంటుంది. 2025 జులైలో గురుగ్రామ్‌లో ఏం జరిగిందో మరిచిపోయారా? గాయంతో పోటీలు తగ్గించుకుని, పిల్లలకు కోచింగ్ ఇస్తూ సంపాదించుకుంటున్న ఇరవై ఐదేళ్ల టెన్నిస్ క్రీడాకారిణిని సొంత ఇంట్లోనే కాల్చి చంపారు. తండ్రిని అరెస్టు చేశారు. కూతురి సంపాదన తింటున్నావని ఊరివాళ్లు ఎగతాళి చేస్తుంటే తట్టుకోలేక కాల్చానని ఆయన ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు. మన ఛానళ్లు వారంపాటు ఆ పిల్ల రీల్స్ వెతికాయి, బట్టలు వెతికాయి, స్నేహాలు వెతికాయి. అన్నేళ్లు ఆడిన అమ్మాయి పోటీలు తగ్గించుకుని వేరే బతుకుతెరువు వెతుక్కోవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందని ఒక్క యాంకరూ అడగలేదు. సంపాదించకపోతే భారం, సంపాదిస్తే అవమానం. ఇంక ఆడపిల్ల ఎటు పోవాలి?

ప్రభుత్వాల దగ్గరికొద్దాం. గెలిచాక పూలదండలకు, చెక్కులకు లోటు లేదు. 2016 ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పీవీ సింధు రజతం తెస్తే తెలంగాణ ఐదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు ఇచ్చాయి. మంచిదే, ఆమె అర్హురాలే. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి ఏడు కోట్లు ప్రకటించారు. సంతోషం. అదే ఏడు కోట్లతో దాదాపు ఇరవై మంది అమ్మాయిలను ఒక ఏడాదిపాటు ప్రపంచమంతా తిప్పి ఆడించవచ్చని పైన చెప్పిన లెక్కే చెబుతోంది. పతకం వచ్చాక ఇచ్చే కోటి కన్నా, పతకం ఊసే లేనప్పుడు ఇచ్చే లక్ష విలువైనది. ఆ లక్ష ఇస్తే ఫొటో బాగా రాదు, అదీ ఇబ్బంది. ఇక జాతీయ టెన్నిస్ సంఘమా? 2024లో జరిగిన ఎన్నికల ఫలితాలను ఢిల్లీ హైకోర్టు సీలు కవర్లో పెట్టించింది. పెద్దలు కుర్చీల కోసం కోర్టులకెక్కుతుంటే, పిల్లలు కోర్టుల్లో బంతులు ఏరుకుంటున్నారు.

‘టెన్నిస్ డబ్బున్నోళ్ల ఆటండీ, వాళ్ల బాధ వాళ్లే పడతారు’ అనే మాట కూడా విన్నాను. అయ్యా, సాయం అందని ప్రతి ఆటా చివరికి డబ్బున్నోళ్ల ఆటే అవుతుంది. బ్యాడ్మింటన్ కూడా అలాగే ఉండేది. అకాడమీ కోసం కోచ్ గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టాడు, ప్రభుత్వం గచ్చిబౌలిలో స్థలం ఇచ్చింది, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లు ఇచ్చారు. అకాడమీ నిలబడింది. ఫలితం ప్రపంచం చూసింది. మహిళా క్రికెట్టూ అంతే. మిథాలీ రాజ్ తరం రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో తిరిగింది. బోర్డు చేయి పడింది, టీవీ చూపించింది, 2023లో మహిళల లీగ్ వచ్చింది. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో కడప అమ్మాయి శ్రీచరణి ఉంది. చూసేవాళ్లు ఆకాశం నుంచి ఊడిపడరు. చూపిస్తే చూస్తారు, నిలబెడితే గెలుస్తారు. టెన్నిస్ అమ్మాయిలు చేసిన పాపమేమిటి?

అడుగుతున్నది కొండ మీది కోతి కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఏటా వరసగా నాలుగైదు వారాలు డబ్ల్యూ15, డబ్ల్యూ35 టోర్నమెంట్లు పెట్టండి. విదేశీ టికెట్ల ఖర్చు కొంత అక్కడే తప్పుతుంది. క్రీడాకారిణులకు ప్రభుత్వ అతిథి గృహాల్లో గదులివ్వండి, ఖాళీగానే ఉంటాయి కదా. తెలుగు రాష్ట్రాల్లో ర్యాంకు ఉన్న ప్రతి అమ్మాయికీ ప్రయాణ ఖర్చు ఏడాది మొదట్లోనే చేతిలో పెట్టండి, బిల్లుల కోసం తిప్పకండి. కోటానుకోట్లు సామాజిక బాధ్యత (సీఎస్సార్) కింద చూపించే కంపెనీలవాళ్లు ఒక్కొక్కరు ఒక్క ఫిజియో జీతం భరించండి. పత్రికల వాళ్లు రోజూ నాలుగు గీతల ఫలితాలు వేయండి, సినిమా టికెట్ రేట్ల గొడవకు అరపేజీ ఇచ్చేవాళ్లకు ఇదో లెక్కా? ఇక మనం. చాలా చోట్ల ఈ పోటీలకు టికెట్టే ఉండదు. ఆదివారం పిల్లల్ని మాల్‌కు కాకుండా అక్కడికి తీసుకెళ్లండి. ఎండకు టోపీ పెట్టుకోండి, అంతే.

ఇవేవీ చేయకపోయినా రేపెప్పుడో ఒక అమ్మాయి ఈ అడ్డంకులన్నీ దాటుకుని పైకి వస్తుంది. ఖాయంగా వస్తుంది, మొండిఘటాలు పుడుతూనే ఉంటాయి. విమానాశ్రయంలో డప్పులు మోగుతాయి. ఓపెన్ టాప్ జీపు, మంత్రిగారి పక్కన కుర్చీ, పెద్ద అట్టముక్క మీద రాసిన చెక్కు. ఆ రోజు అక్కడ మైకు పట్టుకునే విలేకరులకు ఒక్కటే మనవి. ఆ అమ్మాయిని ‘ఎలా ఫీలవుతున్నారు’ అని అడగకండి. మైకు పక్కకు తిప్పి, ఆ చెక్కు ఇస్తున్న పెద్దమనిషిని అడగండి. ఈ పిల్ల ఏడువందలో ర్యాంకులో ఉన్నప్పుడు తమరేమిచ్చారండీ అని. జవాబు వచ్చేదాకా మైకు దించకండి.