గాలి మీద తేలే కారు.. కొనాలా, వద్దా?

మిర్యాలగూడలో మా బావ సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు ఒకటి చూశాడు. వారంటీ అయిపోయింది. "ఎయిర్ సస్పెన్షన్ ఉందట, తీస్కోమంటావా బామ్మర్దీ?" అని ఫోన్.

సుఖం మాత్రం నిజమే. స్టీల్ స్ప్రింగుల బదులు రబ్బరు బ్యాగుల్లో గాలి ఉంటుంది. సూర్యాపేట-కోదాడ హైవే మీద కారు కాస్త కిందికి దిగి నిలకడగా పోతుంది. ఊళ్లో స్పీడ్ బ్రేకర్ వస్తే బటన్ నొక్కి పైకి లేపొచ్చు.

కానీ రబ్బరుకు వయసుంటుంది. పగిలి గాలి లీకైతే, దాన్ని నింపడానికి కంప్రెసర్ పదే పదే తిరిగి అదీ పోతుంది. అప్పుడు కారును లారీ మీద హైదరాబాదుకో విజయవాడకో పంపాలి.

బావకు చెప్పిందే మీకూ చెప్తున్నా. వారంటీ ఉంటే హాయిగా తీస్కోండి. పాతదైతే రాత్రి పార్క్ చేసి పొద్దున చూడండి. ఒక మూల కుంగితే బేరం వద్దు. కుంగకపోయినా రిపేరు డబ్బులు పక్కన పెట్టగలిగితేనే కొనండి. లేదంటే మన ఊళ్లకు స్టీల్ స్ప్రింగులే నయం.