మెఫీబోషెతు: లేఖకులు దిద్దిన పేరు

సమూయేలు రెండో గ్రంథంలో మెఫీబోషెతు పేరు ఇద్దరికి ఉంది. ఒకడు రాజైన సౌలుకు రిస్పా కన్న కొడుకు. గిబియోనీయుల పగకు బలైపోయాడు. రెండోవాడు యోనాతాను కొడుకు, సౌలు మనుమడు. యుద్ధంలో తాత, తండ్రి కూలిపోయారన్న కబురు వినగానే దాది ఆ అయిదేళ్ల పిల్లవాణ్ని ఎత్తుకుని పరుగు తీసింది. ఆ తొందరలో వాడు కిందపడి, రెండు కాళ్లూ అవిటివయ్యాయి.

హీబ్రూలో ‘బోషెతు’ అంటే సిగ్గు, అవమానం. ‘మెఫీ’ సంగతి తేలలేదు. ‘నోటి నుంచి’ అని కొందరు, ‘చెదరగొట్టేవాడు’ అని కొందరు అంటారు. రాజు మనుమడికి అవమానమని ఎవరు పేరు పెడతారు? దినవృత్తాంతముల మొదటి గ్రంథం 8, 9 అధ్యాయాల వంశావళుల్లో అతను మెరీబ్బయలు. అతని పినతండ్రి ఇష్బోషెతు అక్కడ ఎష్బయలు. గిద్యోను బిరుదైన యెరుబ్బయలు కూడా సమూయేలు గ్రంథంలో యెరుబ్బెషెతు అయింది. కనానీయుల దేవుడి పేరు పలకడం ఇష్టంలేని తర్వాతి లేఖకులు ‘బయలు’ తీసేసి ‘బోషెతు’ పెట్టారని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కదు భాషలో గౌరవమనే అర్థమున్న ‘బాష్తు’తో ముడిపెట్టి, ఇది దిద్దుబాటే కాదనేవారూ ఉన్నారు. ఇన్ని జంట రూపాలు కళ్లెదుట ఉండగా ఆ వాదం నిలవడం కష్టం.

అంతమాత్రాన సౌలు ఇంటిని విగ్రహారాధకుల ఇల్లనుకోనక్కర్లేదు. ‘బయలు’ అంటే యజమాని, భర్త అనే వాడుక అర్థాలూ ఉన్నాయి. దావీదు వీరుల్లో ఒకడైన బెయల్యా పేరుకు ‘యెహోవాయే ప్రభువు’ అని అర్థం. యెహోవాను ఆ మాటతో పిలవకూడదన్న పట్టుదల క్రీ.పూ. 8వ శతాబ్దపు హోషేయలో స్పష్టంగా వినిపిస్తుంది. 2012లో ఏలా లోయ దగ్గరి ఖిర్బెత్ కెయాఫా తవ్వకాల్లో బయటపడ్డ పెంకులను అతికిస్తే ఒక పెద్ద జాడీ అయింది. కాల్చకముందే దాని పచ్చిమట్టి మీద గీసిన అక్షరాలు: ‘ఎష్బయలు, బెదా కుమారుడు’. అది సుమారు 3,000 ఏళ్ల నాటిది. ఇతను సౌలు కొడుకు కాదు, వేరొకడు; కానీ ఆ పేరు ఆనాటి జనంలో ఉన్నదేనని ఆ జాడీ నిరూపించింది.

పేరులోని అవమానం యోనాతాను కొడుకు మెఫీబోషెతు నడతలో ఎక్కడా లేదు. లోదెబారులో తలదాచుకున్న అతన్ని, సౌలు తర్వాత రాజైన దావీదు పిలిపించి, యోనాతాను స్నేహం కోసం తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. దావీదు కొడుకు అబ్షాలోము తిరుగుబాటులో రాజు ఊరు విడిచిన రోజు నుంచి తిరిగొచ్చేదాకా అతను కాళ్లు చూసుకోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. సేవకుడు సీబా చాడీల వల్ల భూమిలో సగం పోతున్నా, రాజు క్షేమంగా వచ్చాడు గనుక అదంతా వాడినే తీసుకోనిమ్మన్నాడు. అతని కొడుకు మీకా ద్వారా సౌలు వంశం తరతరాలు సాగింది; ఆ వంశావళి మెరీబ్బయలు పేరుతోనే నమోదైంది.