స్వేచ్ఛా విపణిలో "స్వ" ఎవరు?



రాజ్యం వ్యాపారంలో తలదూర్చవచ్చునా, దూర్చరాదా? ఆర్థిక విధానాలను గురించి మనవారు చేసే వాదాలన్నీ చివరకు ఈ ప్రశ్న దగ్గరకే వచ్చి ఆగుతాయి. సర్వమూ ప్రభుత్వమే నడపాలని ఒక పక్షం. ప్రభుత్వం ప్రక్కకు తప్పుకుంటే చాలు, విపణి తనంతట తానే అన్నీ చక్కబెడుతుందని మరొక పక్షం. నేను అర్థశాస్త్రజ్ఞుడను కాను. చదివినది భాషాప్రవీణ, చెప్పినది సంధులూ సమాసాలూను. అయినా మా సోమందేపల్లి చుట్టుప్రక్కల జరిగినదానిని చూస్తే ఈ రెండు పక్షాలవారూ ఒక ముఖ్యమైన సంగతిని విడిచి మాట్లాడుతున్నారని నాకు తోస్తున్నది.

అలవాటు కొద్దీ మాటతోనే మొదలుపెడతాను. "స్వేచ్ఛ" అంటే స్వ, ఇచ్ఛ, గుణసంధి. తన ఇష్టము అని అర్థం. మరి స్వేచ్ఛా విపణి అన్నప్పుడు అది ఎవరి ఇష్టం? అమ్మేవానిదా, కొనేవానిదా, భూమి ఇచ్చినవానిదా? సమాసంలో ఆ "స్వ" ఎవరో చెప్పరు. చెప్పకపోవడంలోనే చాలా సంగతులు దాగి ఉన్నాయి.

మాకు కొద్ది మైళ్ళ దూరంలో, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద, 44వ జాతీయ రహదారి ప్రక్కన కియా కార్ల కర్మాగారం ఉన్నది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, 536 ఎకరాల స్థలం, ఏటా 3 లక్షల కార్లు తయారు చేయగల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు బయటకు వచ్చింది. 2023 జూలై నాటికి పది లక్షల వాహనాలు పూర్తయ్యాయి. వేరుశనగ తప్ప మరొకటి ఎరుగని ఎర్రనేలలో ఇది సామాన్యమైన విషయం కాదు. దీనిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశమూ కాదు.

అయితే మా ఊళ్ళో ఈ ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతుంది. "గవర్నమెంటుతో ఏమైతాది సార్? కొరియావోడు వచ్చినాడు గాబట్టి నాలుగు ఉద్యోగాలొచ్చినాయి" అంటారు. ఉద్యోగాలు వచ్చిన మాట నిజమే. మరి కొరియావారు ఊరకే వచ్చారా? భూమిని సేకరించి ఇచ్చినది ప్రభుత్వం. ఎగుడుదిగుడు నేలను చదును చేయించినది ప్రభుత్వం. కర్మాగారానికి నీరు గొల్లపల్లి జలాశయం నుండి వస్తున్నది. ఆ జలాశయానికి హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు 2016 చివర చేరాయి. శ్రీశైలం వెనుక జలాల నుండి మెట్టమెట్టుగా నీటిని పైకి తోడి ఇంత దూరం తెచ్చినది ప్రజాధనం. పన్ను రాయితీలు వీటికి అదనం. ఇంత చేసిన తరువాత దీనిని విపణి విజయమని మాత్రమే పిలవడం, పెళ్ళి ఖర్చంతా పెట్టుకున్న మేనమామను భోజనాల పంక్తిలో మరచిపోవడం వంటిది.

ఇంకొక విశేషం. ఆ కంపెనీయే రాజ్యం చేతిలో పెరిగిన బిడ్డ. 1944లో సైకిలు విడిభాగాలు చేసే చిన్న కార్ఖానాగా పుట్టింది. 1952లో కియా అన్న పేరు పెట్టుకున్నది. ఆసియా నుండి లేచినది అని ఆ పేరుకు అర్థం చెబుతారు. 1962లో మూడు చక్రాల బండ్లు, 1974లో బ్రీసా కారు చేసింది. 1981లో కొరియా సైనిక ప్రభుత్వం, నీవు కార్లు చేయవద్దు, చిన్న సరకుబండ్లే చేయమని ఆజ్ఞాపించింది. కంపెనీ నోరెత్తలేదు. మరల కార్లు మొదలుపెట్టడానికి 1987 దాకా ఆగవలసి వచ్చింది. అక్కడ బ్యాంకులు 1961 తరువాత ప్రభుత్వం గుప్పిటిలోకి వెళ్ళాయి. అప్పు కావాలంటే ఎగుమతి లక్ష్యం చేరుకోవాలి. చేరని కంపెనీకి అప్పు దొరకడం కష్టం. ఏలిస్ ఆమ్స్‌డెన్ అనే ఆర్థికవేత్త 1989లో కొరియాను గురించి వ్రాసిన గ్రంథంలో ముఖ్యంగా చెప్పినది ఇదే: సాయం చేసిన రాజ్యం దానికి బదులుగా పనిని రాబట్టుకున్నది.

అంతమాత్రాన రాజ్యం చేసినదంతా మేలని అనుకోరాదు. అదే కియా 1997లో అప్పుల భారంతో కుప్పకూలింది. 1998లో హ్యుందాయ్ దానిని కొన్నది. రాజ్యం అండ ఉన్నదన్న ధీమాతో కంపెనీలు అప్పుల మీద అప్పులు చేయడం ఆ పతనానికి ఒక కారణం. మన దేశంలోనూ 1991కి ముందు స్కూటరు కోసమూ, టెలిఫోను కోసమూ ఏళ్ళ తరబడి వేచి ఉండిన రోజులు ఈ వయసువారికి గుర్తే. లైసెన్సు ఇచ్చే గుమాస్తా ఇష్టమే అప్పుడు "స్వేచ్ఛ". ఆ కాలం తిరిగి రావాలని నేను కోరను.

ఇక మన ప్రాంతంలోనే మరొక ఉదాహరణ. చిలమత్తూరు, గోరంట్ల మండలాలలో లేపాక్షి నాలెడ్జి హబ్ పేరిట 2008-09 ప్రాంతంలో 8,844 ఎకరాలను ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. పరిశ్రమలు రాలేదు. భూములు బ్యాంకులకు తాకట్టు పడ్డాయి. వ్యవహారం సీబీఐ అభియోగపత్రం దాకా వెళ్ళింది. ఎర్రమంచిలోనూ రాజ్యమే భూమి ఇచ్చింది, చిలమత్తూరులోనూ రాజ్యమే ఇచ్చింది. ఒకచోట కార్లు వచ్చాయి, మరొకచోట కంపచెట్లు వచ్చాయి. రాజ్యమా, విపణియా అన్న ప్రశ్న ఈ తేడాను వివరించలేదు. ఏ షరతు మీద ఇచ్చారు, షరతు తప్పితే ఏమి చేశారు అన్న ప్రశ్నలే వివరించగలవు.

మన పూర్వులు ఈ సంగతి ఎరుగనివారు కారు. కౌటిల్యుడు పణ్యాధ్యక్షుడని, సూత్రాధ్యక్షుడని వ్యాపారానికీ నేతకూ అధికారులను నియమించాడు. వర్తకునికి స్వదేశీ సరకుపై నూటికి 5, పరదేశీ సరకుపై నూటికి 10 లాభం మాత్రమే అనుమతించాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో రేవులను వృద్ధి చేసి వర్తకులను రప్పించుకోవాలంటాడు. గుర్రాలూ ఏనుగులూ తెచ్చే వర్తకులను ఆదరించి, ఆ సరకు శత్రువులకు చేరకుండా చూసుకోవాలంటాడు. 1565 తరువాత ఆ సామ్రాజ్యానికి రాజధాని అయినది మా పెనుకొండే. రాయలు వర్తకుణ్ణి ఆదరించమన్నది రాజ్యప్రయోజనం కోసం. ఆ ప్రయోజనం ఏమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. కంపెనీకి రాజ్యం అండ దొరుకుతున్నది. రైతుకూ నేతగానికీ మాత్రం విపణి నీతులు దొరుకుతున్నాయి.

దేశంలోనే అత్యధిక విస్తీర్ణంలో వేరుశనగ పండించిన జిల్లా అనంతపురం. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ వచ్చినప్పుడు రైతుకు కొంత అండ దొరికింది. 1994లో పామాయిలు దిగుమతికి తలుపులు తెరిచారు. అప్పుడు 65 శాతం ఉన్న సుంకాన్ని 1998 నాటికి 15 శాతానికి దించారు. వానలు లేక ఒకవైపు, చౌక నూనె వచ్చి మరొకవైపు, మా రైతు నడుమ నలిగిపోయాడు. అతనికి ఎవరూ నేల చదును చేయించలేదు, సుంకం రాయితీ ఇవ్వలేదు. పోటీపడి బ్రతకమన్నారు.

ధర్మవరం నేతగానిదీ ఇదే కథ. చీరను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. మరమగ్గాలవారు కోర్టుకు వెళ్ళగా 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ మరమగ్గం మీద నేసిన చీర చేనేత పేరుతో అంగట్లో అమ్ముడవుతూనే ఉన్నది. పట్టుకొని కేసు పెట్టే సిబ్బందీ, ఆసక్తీ రెండూ కొరవే. కాగితం మీద రాజ్యం, మగ్గం గుంటలో విపణి.

ప్రభుత్వ రంగమైతే న్యాయం జరుగుతుందా అంటే విశాఖ ఉక్కును చూడండి. 1966లో ప్రాణాలు అర్పించి సాధించుకున్న కర్మాగారం. దానికి సొంత ఇనుప గనులు ఇవ్వలేదు. నష్టాలు వచ్చాక 2021 జనవరిలో నూరు శాతం అమ్మకానికి నిర్ణయించారు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. అమ్మే నిర్ణయానికీ, ఆదుకునే నిర్ణయానికీ నడుమ నాలుగేళ్ళు గడిచాయి. ఇందులో విధానం ఎక్కడున్నదో నాకు బోధపడలేదు.

కనుక నా మనవి ఇది. రాజ్యం ఎక్కడికీ పోదు. స్వేచ్ఛా విపణి అని మనం పిలుచుకునే చోట కూడా అది భూమిగా, నీరుగా, రాయితీగా ఉండనే ఉంటుంది. అడగవలసినవి మూడు. ఇచ్చిన ప్రతి రాయితీ ఉత్తర్వూ ప్రజలకు కనబడాలి. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో జీవోలను వెబ్‌సైటులో ఉంచడమే మానివేశారు, 2024 ఆగస్టులో మరల మొదలుపెట్టారు. అంటే ఇది పాలకుల దయ మీద ఆధారపడి ఉన్నది, చట్టబద్ధమైన బాధ్యత కావాలి. రెండవది, స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో చేసిన చట్టం ఎంతవరకు అమలయిందో, భూమి ఇచ్చిన ఇంటి పిల్లలకు శాశ్వత ఉద్యోగాలు ఎన్ని దొరికాయో ఏటేటా కర్మాగారాలవారీగా లెక్క చెప్పాలి. మూడవది, కంపెనీకి చూపే శ్రద్ధలో సగమైనా వేరుశనగ చేనుకూ, పట్టుమగ్గానికీ చూపాలి.

ఈ లెక్కలు బయటకు వచ్చిన నాడు ఆ "స్వ" ఎవరో నిఘంటువు తెరవకుండానే తెలుస్తుంది. విభేదించే మిత్రులు నిస్సంకోచంగా వ్రాయగలరు. సంధిలో తప్పు పట్టినా సంతోషమే, లెక్కలో తప్పు పడితే మరింత సంతోషం.