అమ్ముకున్నది మన చప్పట్లనే

హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఇప్పుడు లేదు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో మట్టి కరిపించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన జట్టది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ తర్వాత? జీతాలు ఆగాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. ఉన్నవాళ్లు తలో దారి పట్టారు. క్లబ్బు బీసీ జిందాల్ గ్రూపు చేతికి పోయింది. 2025 అక్టోబర్‌లో మూటాముల్లె సర్దుకొని ఢిల్లీ చేరి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టుకుంది. అభిమానులను అడిగినోడు లేడు.

పాలమూరు సీమలోని వీపనగండ్లలో కూర్చున్నోడికి ఎందుకీ మంట అంటారేమో. మాది కబడ్డీ కూతల సీమ, నిజమే. కానీ మా పిల్లగాళ్ల ఒంటి మీద చూడండి: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా. సంతలో దొరికే నకిలీ అంగీలే. ఆ నకిలీ కూడా క్లబ్బు పేరుకున్న బలమే. ఒక్క ఏడాదిలో వంద కోట్ల యూరోల రాబడి దాటిన తొలి ఫుట్‌బాల్ క్లబ్బు రియల్ మాడ్రిడ్, 2023-24లో. హైదరాబాద్ పేరున్న అంగీకి నకిలీ కొట్టే తీరిక కూడా ఎవరికీ దొరకలేదు.

ఇక్కడే మన వ్యాపార పండితులు గొంతు సవరించుకుంటారు. పెట్టుబడిదారు ఉంటేనే బ్రాండు, నష్టపోయినవాడు వెళ్లిపోడా అని. అయ్యా, ఆ రియల్ మాడ్రిడ్‌కు సేటు లేడు! అది సభ్యుల క్లబ్బు. అధ్యక్షుణ్ణి వాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. బార్సిలోనాదీ అదే పద్ధతి. ప్రపంచంలోనే పెద్ద బ్రాండును ఎత్తుకుపోయే హక్కు ఏ ఒక్కడి జేబులోనూ లేదు. సేటున్న మాంచెస్టర్ యునైటెడ్‌ను చూడండి. 2005లో గ్లేజర్ కుటుంబం అప్పు తెచ్చి కొన్నది, ఆ అప్పును క్లబ్బు నెత్తినే రుద్దింది. అభిమాని టికెట్ కొంటాడు, వడ్డీ కడతాడు.

బ్రాండు విలువంటే తరతరాల జనం పెట్టుకున్న ప్రేమకు కట్టిన ధర. అది సేటు తెచ్చింది కాదు, మనం ఇచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ రహీం సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలబెట్టాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు, మరుసటి ఏడే కన్నుమూశాడు. హైదరాబాద్ పేరుకు ఫుట్‌బాల్‌లో విలువ వచ్చింది ఆ చెమటతో. దాన్ని 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టినవాళ్లు ఉచితంగా వాడుకున్నారు.

అన్నట్టు, 2019లో మనకు ఆ క్లబ్బు వచ్చింది ఎలా? పుణెలో మూతపడ్డ జట్టు స్థానంలోనే. అప్పుడు పుణె వాళ్ల ఏడుపు మన చెవిన పడలేదు.

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బును వేరే ఊరికి తరలించేందుకు అనుమతి దొరికినప్పుడు, 2002లో అక్కడి అభిమానులు తమ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. అట్టడుగు లీగుల నుంచి మొదలుపెట్టి పైకి తెచ్చారు. మనమేం చేశాం? క్లబ్బు పోయిన రెండు నెలలకే, 2025 డిసెంబర్ 13న, టికెట్ కొని ఉప్పల్‌లో మెస్సీని చూసి మురిసిపోయాం. మా పాలమూరు బిడ్డ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా ఆయనతో బంతి తన్నారు. తన్నడం తప్పు కాదు. ఆ దీపాల వెలుగులో ఊరొదిలిపోయిన సొంత జట్టు ఊసెత్తేవాళ్లు లేకపోవడమే దుర్మార్గం.

ఆ జట్టు ఆడిన గచ్చిబౌలి స్టేడియం సర్కారుది. రేపు ఇంకో సేటు వచ్చి హైదరాబాద్ పేరుతో జట్టు కడతానంటే, మైదానం ఇచ్చే కాగితంలో ఒక షరతు రాయండి: అభిమానుల ఓటు లేకుండా పేరు మారదు, ఊరు మారదు. సంతకం పెట్టనన్నవాణ్ణి వచ్చిన దారినే పంపండి.