కాంటా మీద కోత పెట్టి ఆహార సార్వభౌమత్వమా?

వరి దిగుబడిలో రాష్ట్రం రికార్డులు సృష్టిస్తోందని పాలకులు గొప్పలు చెప్పుకుంటున్నారు. ఆ వడ్లు ఆకాశం నుంచి రాలలేదు. నర్మెట్ట లాంటి మెట్ట మండలాల్లో బోర్లకు అప్పులు తెచ్చి, దేవాదుల నీళ్లకు ఎదురుచూసి, 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి రైతులు పండించినవి.

తీరా కాంటా దగ్గరికొచ్చేసరికి తరుగు! 2025-26కు ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు రూ.2,389. 40 కిలోల బస్తాకు రెండు కిలోలు కోస్తే క్వింటాలుకు ఐదు కిలోలు, అంటే రూ.119 పోయినట్టే. ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే దాదాపు రూ.3 వేలు గల్లంతు. కౌలు రైతుకు మిగిలేదే అంత!

తాలు, తేమ ఉంటే కోయరా అని అధికారులు అడుగుతారు. నాణ్యతా ప్రమాణాలు ఉండనే ఉన్నాయి. తేమ 17 శాతం, ముడుచుకున్న, పక్వం కాని గింజలు 3 శాతం దాటకూడదు. దాటితే రైతు ముందే కొలిచి చూపండి, ఆరబోయమనండి, తూర్పార పట్టమనండి. కొనుగోలు కేంద్రంలో ఒప్పుకున్న వడ్లకు మిల్లు గేటు దగ్గర మళ్లీ కోత పెట్టే హక్కు ఎవరిచ్చారు? లారీ కదిలాక రైతు చేతిలో ఏముంటుంది?

ఆ మద్దతు ధరైనా న్యాయమైనదా? సాధారణ రకానికి ఖర్చు రూ.1,579గా లెక్కగట్టి, దానిపై 50 శాతం కలిపి రూ.2,369 ఇచ్చామంటున్నారు. సొంత భూమి కౌలు విలువ, స్థిర పెట్టుబడిపై వడ్డీ ఆ ఖర్చులో లేవు. వాటినీ కలిపిన సమగ్ర ఖర్చుపై 50 శాతం ఇవ్వాలన్నదే రైతు ఉద్యమాల డిమాండ్.

2021లో కేంద్రం ఉప్పుడు బియ్యం వద్దంది. యాసంగిలో వరి వేయొద్దని రాష్ట్రం చెప్పింది. 2023 జూలైలో కేంద్రం తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఇప్పుడు సన్నాలు వేస్తే రూ.500 బోనస్ అంటున్నారు. ఏం పండించాలో, ఎక్కడ అమ్మాలో, ఎంతకు అమ్మాలో అన్నీ వాళ్లే తేలుస్తారు. నష్టం మాత్రం మనది. గోదాములు నిండితే దేశానికి తిండి భద్రత కావచ్చు. పండించేవాడికి నిర్ణయించే హక్కు లేనిది సార్వభౌమత్వం ఎలా అవుతుంది? 1996లో లా వయా కాంపెసినా ప్రపంచం ముందుంచిన మాట అదే.

కేంద్రంలో తూచిన తూకమే తుది తూకం కావాలి. కాంటా అయిన వెంటనే బరువు, తేమ, ధర రాసిన రసీదు రైతు చేతికివ్వాలి. తర్వాత పడే కోత ఏదైనా ప్రభుత్వమే భరించాలి. పట్టా లేని కౌలు రైతు వడ్లూ అతని పేరుతోనే కొనాలి. ఈ సీజన్‌లో రసీదు ఇవ్వకుండా ఒక్క బస్తా కూడా లారీ ఎక్కనివ్వకండి. ఊరూరా కాంటా దగ్గర నిలబడదాం!